విశాఖ కలెక్టర్ గారి రోజువారీ కార్యక్రమాల్లో అసలు ప్రాధాన్యం ఏది, మన అర్జీ ఎలా పెట్టాలి

మధురవాడ నుంచి మీరు అడిగింది టూకీగా ఇదీ: కలెక్టర్ గారి పేజీలో రోజూ సమీక్షలు, తనిఖీలు, ప్రారంభోత్సవాలే కనిపిస్తున్నాయి, ఇందులో ఆయన అసలు దేనికి ప్రాధాన్యం ఇస్తున్నారో ఎలా తెలుస్తుంది? ఆనందపురం మండలంలో మీ నాన్నగారు కొన్న స్థలం 22-ఏలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) పడింది, మీ కాలనీ వెనక గెడ్డ (వాన నీళ్లు పోయే వాగు) పూడ్చేస్తున్నారు, ఈ రెండింటికీ సోమవారం వెళ్లి ఆయన్నే కలిస్తే పనవుతుందా?

చివరిదానికి ముందు చెప్పేస్తా. వెళ్లండి, కానీ రెండు సమస్యలూ ఒకే కాగితం మీద రాసుకుని మాత్రం వెళ్లొద్దు. ఎందుకో కింద వస్తుంది. నేను రెవెన్యూలో పనిచేసి, మహారాణిపేట కలెక్టరేట్‌లో సెక్షన్ సూపరింటెండెంట్‌గా ఉండి రిటైరైనవాణ్ని. కలెక్టర్లను చాలామందిని దగ్గర్నుంచి చూశాను, ఏ పార్టీ తరఫునా మాట్లాడటం లేదు.

ఫొటోల సంగతి. అవి డీపీఆర్వో (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసు నుంచి వస్తాయి, కలెక్టర్ గారు ఎక్కడికి వెళ్తే అక్కడ ఓ ఫొటో, ఓ ప్రెస్ నోట్. వాటిలో సగానికి పైగా ఆయన ఎంచుకున్న కార్యక్రమాలు కావు, క్యాలెండర్ ఆయన కోసం ఎంచి పెట్టినవి. ఒకటో తారీఖున పింఛన్లు, ఆ రోజు ఆదివారమైతే ముందు రోజే. 2024 జులై 1న పింఛను 4,000 చేసి, ఏప్రిల్ నుంచి బకాయి కలిపి 7,000 చేతిలో పెట్టిన దగ్గర్నుంచీ పొద్దున్నే ఎవరో ఒక అవ్వ గుమ్మంలో కలెక్టర్ గారి ఫొటో ఖాయం. మూడో శనివారం స్వర్ణాంధ్ర-స్వచ్ఛాంధ్ర, చేతిలో చీపురు. సోమవారం అర్జీలు. మధ్యలో సీఎస్ (రాష్ట్ర ప్రధాన కార్యదర్శి) గారి వీడియో కాన్ఫరెన్స్, ఇన్‌ఛార్జి మంత్రి గారొస్తే జిల్లా సమీక్షా కమిటీ, మూడు నెలలకోసారి ఎస్సీ ఎస్టీ విజిలెన్స్ కమిటీ, రోడ్డు భద్రత కమిటీ, బ్యాంకర్ల మీటింగ్. ఈ కమిటీల్లో చాలావాటికి చట్టమో జీవోనో కలెక్టర్ పేరు రాసేసింది కాబట్టి ఆయన కూర్చోవాలి, కూర్చుంటారు, టీ తాగుతారు, మినిట్స్ మీద సంతకం పెడతారు. దాన్ని ప్రాధాన్యం అనుకుంటే పొరపాటే.

మరి అసలుది ఎలా పట్టుకోవాలి? మేం ఆఫీసులో పట్టుకున్న పద్ధతి చెప్తాను. ఒకే విషయం మీద, అదే అధికారులతో, పదిహేను రోజుల్లో రెండోసారి మీటింగ్ పెట్టారంటే అది ప్రాధాన్యం. మొదటి మీటింగ్‌లో 'వేగవంతం చేయాలి' అని ఉంటుంది, ఆ ముక్క ప్రతి ప్రెస్ నోట్‌లోనూ ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు. రెండో నోట్‌లో ఫలానా తారీఖులోగా ఇన్ని ఎకరాలు, ఇన్ని ఇళ్లు, ఫలానా మండలం వెనకబడింది అని అంకెలూ పేర్లూ వచ్చాయంటే అక్కడ కథ వేరే. ఆ విషయం పైన ముఖ్యమంత్రి గారి కలెక్టర్ల సదస్సులో స్క్రీన్ మీద పడబోతోందన్నమాట. ఆ సదస్సులో జిల్లాల వారీగా ర్యాంకులు, రంగులు చూపిస్తారు, ఎర్ర రంగులో తన జిల్లా పేరు కనబడటం ఏ కలెక్టరూ కోరుకోరు. సదస్సుకు ముందు వారం మా సెక్షన్లలో రాత్రి తొమ్మిదింటికి కూడా లైట్లు ఆరేవి కావు.

ఇంకో గుర్తు కూడా ఉంది, అది ప్రెస్ నోట్‌లో రాదు. మీటింగ్‌కు జేసీ (జాయింట్ కలెక్టర్) గారిని, డీఆర్వోను (జిల్లా రెవెన్యూ అధికారిని), ఆర్డీవోను (డివిజన్ రెవెన్యూ అధికారిని) మాత్రమే పిలిచి, మిగతా శాఖలను పంపించేసి, తలుపు వేసుకుని కూర్చున్నారంటే అది భూమి విషయం. విశాఖలో భూమి విషయమే అన్నిటికంటే పెద్ద ప్రాధాన్యం, ఎవరు కలెక్టరైనా, ఎవరి ప్రభుత్వమైనా.

ఈమధ్య సంగతులే చూడండి. 2025 ఏప్రిల్‌లో రుషికొండలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు అన్నారు. తర్వాత కాగ్నిజెంట్‌కు కాపులుప్పాడలో. అక్టోబరు 14న ఢిల్లీలో గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం, పదిహేను వందల కోట్ల డాలర్ల పెట్టుబడి, అందులో ఒక చోటు మీ ఆనందపురం మండలంలోని తర్లువాడ. మొదటి దశ మెట్రో 46.23 కిలోమీటర్లు. భోగాపురం ఎయిర్‌పోర్టు అటు విజయనగరం జిల్లాలో ఉన్నా దానికి వెళ్లే మాస్టర్ ప్లాన్ రోడ్లకు భూమి ఇటు నుంచి కూడా కావాలి. పేపర్లో వీటన్నిటికీ పెట్టుబడి అని హెడ్డింగ్ పెడతారు గానీ, కలెక్టర్ గారి బల్ల మీద ఇవన్నీ సర్వే నంబర్లే. ఎవరిది పట్టా, ఎవరిది డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి), ఎవరు ఏళ్ల తరబడి జీడితోట వేసుకుని కాగితం లేకుండా ఉన్నారు, ఎవరికి ఎంత పరిహారం, ఎవరు కోర్టుకు వెళ్తారు. తర్లువాడ రైతులు అడిగింది కూడా ఇదే కదా. ఆ పని చేయాల్సింది మీ ఆనందపురం తహసీల్దారు, అదే మండల సర్వేయరు, అదే వీఆర్వోలు. మీ 22-ఏ అర్జీ మీద రిపోర్టు రాయాల్సిన వాళ్లూ వాళ్లే. మీ ఫైలు ఎందుకు కదలట్లేదో ఇక్కడే సగం జవాబు దొరికింది.

మిగతా సగం ప్రోటోకాల్, అంటే వచ్చే పెద్దల మర్యాదల ఏర్పాట్లు. ఈ జిల్లాలో పనిచేయని వాళ్లకు ఇది అర్థం కాదు. ఎయిర్‌పోర్టు, నేవీ, బీచ్, హోటళ్లు ఉన్న ఊరు కాబట్టి ఢిల్లీ నుంచి ఏ స్టాండింగ్ కమిటీ స్టడీ టూర్ అన్నా ముందు విశాఖే గుర్తొస్తుంది. ప్రతి రాకకూ ఓ లైజాన్ ఆఫీసరు, ఓ బండి, ఓ తహసీల్దారు. ఇవి మామూలు రోజులవి. పెద్దవి వేరే: 2025 జనవరి 8న ప్రధాని వచ్చి రైల్వే జోన్ హెడ్ క్వార్టర్స్‌కు శంకుస్థాపన చేశారు, జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా యోగా, మళ్లీ ప్రధానే, మూడు లక్షల పైన జనం, నవంబరు 14, 15 తేదీల్లో సీఐఐ పెట్టుబడుల సదస్సు. యోగా రోజు టీవీలో చాపలు వరసగా కనిపించాయి కదా, ఆ వరసలను కంపార్ట్‌మెంట్లుగా విడగొట్టి, ఒక్కోదానికి ఇన్‌ఛార్జిని వేసి, బస్సులు, నీళ్లు, టాయిలెట్లు, వానొస్తే ఏంటి, పెద్దవాళ్లకు కళ్లు తిరిగితే అంబులెన్స్ ఎక్కడుంటుంది, ఇదంతా జిల్లా యంత్రాంగం పనే. అలాంటి కార్యక్రమం ముందు నెలంతా మామూలు ఫైళ్ల మీద దుమ్మే. తప్పు పట్టడం లేదు, ఉన్న సంగతి చెప్తున్నా. అందుకే అర్జీ పట్టుకెళ్లే ముందు పేపరు చూసుకోండి. ఊళ్లో పెద్ద ప్రోగ్రాం ఉన్న వారం వదిలేయండి, అది అయిపోయాక వచ్చే రెండో సోమవారం చూసుకుంటే మంచిది, మొదటి సోమవారం అందరూ నిద్ర కళ్లతో ఉంటారు.

సింహాచలం కూడా ఇందులోకే వస్తుంది. దేవస్థానం ఎండోమెంట్స్ శాఖది, ఈవో వేరే ఉన్నారు, అయినా చందనోత్సవానికీ ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకూ పోలీసు, జీవీఎంసీ (విశాఖ నగర పాలక సంస్థ), కరెంటు, ఆర్టీసీ, వైద్యం, ఎక్సైజు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టే అధికారం కలెక్టరుకే ఉంది. 32 కిలోమీటర్ల ప్రదక్షిణ దారి మీద ఏ మలుపు దగ్గర లైటు లేదో కూడా ఆ మీటింగ్‌లో మాట్లాడాలి. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం తెల్లవారుజామున గోడ కూలి ఏడుగురు పోయారు. కొత్తగా కట్టిన గోడ. ఆ తర్వాత జులైలో గిరి ప్రదక్షిణ మీద ఎన్నిసార్లు క్షేత్రస్థాయి తనిఖీలన్నారో పాత వార్తలు తీసి చూడండి. ప్రాధాన్యాల్లో కొన్ని పాలసీల వల్ల పుట్టవు, దెబ్బ తగిలాక పుడతాయి. రుషికొండ బీచ్‌కున్న బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) సంగతీ అంతే. 2020లో వచ్చిన గుర్తింపు 2025 మొదట్లో తాత్కాలికంగా పోయింది, అప్పుడు అందరికీ బీచ్‌లో కుక్కలూ సీసీ కెమెరాలూ గుర్తొచ్చాయి, కొద్ది వారాల్లోనే తిరిగి తెచ్చుకున్నారు.

విపత్తుల సంగతి వేరే, అక్కడ మాత్రం కలెక్టర్ నిజంగా కలెక్టరే. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా సంస్థకు ఆయనే ఛైర్మన్, ఏ శాఖ బండినైనా మనిషినైనా ఆ గంటలో తీసుకోవచ్చు. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తుపాను అప్పుడు యువరాజ్ గారు, 2020 మే 7 ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు అప్పుడు వినయ్ చంద్ గారు కలెక్టర్లుగా ఉన్నారు. హుద్‌హుద్ తర్వాత కరెంటు లేదు, ఫోన్లు లేవు, పెట్రోలు బంకుల ముందు కిలోమీటరు లైను, అప్పుడు రెండు రోజులు ఈ ఊరు నడిచింది వైర్‌లెస్ సెట్ల మీదా, కాగితం మీద రాసిచ్చిన ఆర్డర్ల మీదా. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చినప్పుడు తీరం దాటింది గోదావరి వైపైనా ఇక్కడ గర్భిణులను ముందే ఆసుపత్రులకు చేర్చడం, కొండవాలు ఇళ్లు ఖాళీ చేయించడం లాంటివి ముందే అయ్యాయంటే ఆ పాత దెబ్బల పుణ్యమే.

ఇప్పుడు ఆయన పరిధిలో లేనివి. దీని మీద జనంలో చాలా గందరగోళం ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలయ్యాక విశాఖకు మిగిలింది 11 మండలాలు, రెండు రెవెన్యూ డివిజన్లు. అనకాపల్లి, పాడేరు వాళ్లు ఇంకా అలవాటు కొద్దీ మహారాణిపేట వస్తుంటారు, బస్సు ఛార్జీలు దండగ. నగరంలో పోలీసు కమిషనరేట్ ఉంది కాబట్టి శాంతిభద్రతల నిషేధాజ్ఞలు ఇచ్చేది కమిషనర్ గారు. చెత్త, కాలువ, ఇంటి ప్లాను, వీధి దీపం జీవీఎంసీ. లేఅవుట్ అనుమతులు, స్థలం ఎక్కడుందన్న దాన్ని బట్టి, వీఎంఆర్‌డీఏ (విశాఖ మహా ప్రాంత అభివృద్ధి సంస్థ). స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే కేంద్రానివి, ఆ గేటు లోపల ఆయన మాట మర్యాదకు వింటారంతే. పంచ గ్రామాల సమస్య, అంటే అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురంలో సింహాచలం దేవస్థానం భూముల్లో ఇళ్లున్నవాళ్ల గొడవ, దానికి ఏ కలెక్టర్ సంతకమూ సరిపోదు, అది ప్రభుత్వం, దేవాదాయ చట్టం, హైకోర్టు మధ్య ఉన్న వ్యవహారం. అయినా ప్రతి సోమవారం ఎవరో ఒకరు ఆ అర్జీ పట్టుకొస్తారు, ఆయనా వింటారు.

సోమవారం సంగతికి వద్దాం. గ్రీవెన్స్ డే, ప్రజావాణి, మీ కోసం, స్పందన, జగనన్నకు చెబుదాం, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక). బోర్డు మారుతుంటుంది, కుర్చీలు మారవు. మీరు వెళ్లగానే కౌంటర్లో కాగితం చూసి శాఖ పేరు కంప్యూటర్లో కొడతారు, నంబరు వేసిన రసీదు ఇస్తారు. మీ అర్జీ ఎవరి లాగిన్‌కు వెళ్తుందన్నది అక్కడ, ఆ పిల్లాడు ఆ శాఖ పేరు నొక్కిన క్షణంలో తేలిపోతుంది. అందుకే రెండు సమస్యలు ఒకే కాగితం మీద రాయొద్దన్నది. మీది రాస్తే పైన ఉన్న గెడ్డ చూసి జీవీఎంసీకి కొట్టేస్తారు, వాళ్లు పూడిక తీశామని ఓ ఫొటో పెట్టి మొత్తం అర్జీ మూసేస్తారు, మీ 22-ఏ ఆ మూతలో కలిసిపోతుంది. ఇలా మూసిన అర్జీలు మా సెక్షన్లోనే బోలెడు చూశాను.

తర్వాత వేదిక దగ్గర కలెక్టర్ గారో జేసీ గారో కాగితం తీసుకుని, ఒక నిమిషం విని, ఎడమ మార్జిన్‌లో ఆకుపచ్చ సిరాతో ఏదో రాసి పక్కకిస్తారు. ఆ రాసింది ఏంటో చూడండి, సిగ్గుపడకుండా అడగండి. 'అవసరమైన చర్యకు' అని రాస్తే అది పోస్టుమాన్ పని, కింద ఆఫీసుకు చేరుతుంది, అంతే. ఓ అధికారి హోదా, ఓ తేదీ వేసి రిపోర్టు కోరితే ఆ కాగితాన్ని సీసీ (కలెక్టర్ గారి క్యాంపు క్లర్కు) విడిగా రాసుకుంటాడు, ఆ తేదీ దాటితే ఫోన్ వెళ్తుంది. అలా తేదీ పడాలంటే మీ అర్జీలో అడిగింది ఒకే ఒక్కటై ఉండాలి, కింద అధికారి అవునో కాదో తేల్చి చెప్పగలిగేదై ఉండాలి. 'న్యాయం చేయగలరు' అంటే ఎవరూ తేదీ వేయలేరు. తర్వాత ఫోన్లో రికార్డెడ్ గొంతు వచ్చి పరిష్కారంతో సంతృప్తి చెందారా అని అడుగుతుంది. పని కాకపోయినా మొహమాటానికి అవుననొద్దు, కాలేదంటే అర్జీ మళ్లీ తెరుచుకుంటుంది, పై అధికారి డ్యాష్‌బోర్డులో కనబడుతుంది. 1100కు ఫోన్ చేసి మీ నంబరు చెప్పినా ఎక్కడుందో తెలుస్తుంది.

22-ఏ గురించి కొంచెం నిదానంగా. 'మా భూమి 22-ఏలో పడింది' అని రాసుకెళ్తే పని జరగదు, ఏ క్లాజులో పడిందో రాయాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ(1)లో ఏ నుంచి ఇ దాకా ఉన్నాయి: మొదటిది అసైన్డ్ లాంటివి, అంటే వేరే చట్టం అమ్మకూడదన్నవి, రెండోది ప్రభుత్వ భూమి, మూడోది దేవాదాయ, వక్ఫ్, నాలుగోది భూపరిమితి (సీలింగ్) చట్టం కింద తేలిన మిగులు భూమి, చివరిది ప్రభుత్వం తనకు ఆసక్తి ఉందని నోటిఫై చేసినవి. ఒక్కోదానికి బయటపడే దారి ఒక్కోటి. దేవాదాయ భూమి అని పడితే కలెక్టర్ గారిని బతిమాలి లాభం లేదు, ఆ శాఖ నుంచి రావాలి. అసైన్డ్ అని పడితే మొదటి పట్టా తేదీ వెతకాలి, 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాల్లో అమ్మకూడదన్న షరతు సాధారణంగా ఉండదు, అది చూపించగలిగితే మీ కేసు బలంగా నిలబడుతుంది. మాజీ సైనికుడికిచ్చిన భూమైతే పదేళ్ల తర్వాత అమ్మకానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకున్నారా లేదా అన్నది ప్రశ్న. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు 2023లో ఇచ్చిన ఫ్రీహోల్డ్ (అమ్ముకునే పూర్తి హక్కు) కథ మీకెవరైనా చెప్తే జాగ్రత్త, 2024 ఆగస్టులో ఆ రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలనకు పెట్టారు.

అన్ని జిల్లాల్లోనూ 22-ఏ ఫైళ్లు నెమ్మదే, విశాఖలో మరీ నెమ్మది. కారణం సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం). 2017లో ఒక సిట్, ప్రభుత్వం మారాక 2019లో ఇంకోటి, రెండూ ఈ జిల్లా భూముల మీదే. రికార్డులు ట్యాంపర్ అయ్యాయని, ఎన్‌ఓసీలు ఇష్టారాజ్యంగా ఇచ్చారని తహసీల్దార్ల దగ్గర్నుంచి పైవాళ్ల దాకా పేర్లు బయటికొచ్చాయి. అప్పటినుంచి ఇక్కడ ఏ అధికారైనా భూమిని లిస్టులోంచి తీసే ఫైలు మీద సంతకం పెట్టేముందు, రేపు ఇంకో సిట్ వస్తే నేనేం చెప్పాలి అని ఆలోచిస్తాడు. లిస్టులో ఉంచేస్తే ఎవరూ అడగరు, తీస్తే అడుగుతారు. నా ఉద్దేశంలో నిజాయితీ ఉన్న అధికారులే ఈ విషయంలో ఎక్కువ ఆలస్యం చేస్తున్నారు, అన్యాయమే, కానీ అది వాళ్ల భయం. ఆ భయం పోగొట్టేంత కాగితం మీరు ఇవ్వాలి. రికమెండేషన్ తెస్తే భయం ఇంకా పెరుగుతుంది, ఎమ్మెల్యే గారి లెటర్ ఫైల్లో ఉంటే సంతకం పెట్టే చెయ్యి వణుకుతుంది.

ఏ కాగితాలంటారా. మీ నాన్నగారి దస్తావేజు, దానికి ముందు లింకు దస్తావేజులు, ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) ఎంత వెనక్కి దొరికితే అంత. కానీ అసలైంది ఇవి కాదు. ఆనందపురం వైపు చాలా గ్రామాలు పాత ఎస్టేటు (జమీందారీ) గ్రామాలు, 1948 ఎస్టేట్స్ అబాలిషన్ తర్వాత సెటిల్‌మెంట్ జరిగినవి. అక్కడ మీ సర్వే నంబరు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్‌ఎఫ్‌ఏ) అనే అప్పటి భూమి రికార్డులో ఎవరి పేరున, ఏ వర్గీకరణతో ఉందన్నదే ఆఖరి మాట. ఎస్‌ఎఫ్‌ఏ కాపీ సంపాదించండి. అందులో రైతు పేరు, 'పట్టా' అని ఉండి, ఇప్పటి అడంగల్‌లో ప్రభుత్వం అని వచ్చిందంటే మధ్యలో ఎవరో ఎక్కించారన్నమాట, అది సరిదిద్దడానికి తహసీల్దారుకు ధైర్యం వస్తుంది. పాత నంబరు, ఇప్పటి సబ్ డివిజన్ నంబరు కలిసేలా ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే కొలతల పటం) జత చేయండి. అక్కడే ఎక్కువ ఫైళ్లు ఆగుతాయి, సర్వే నంబరులో అయిదెకరాల్లో ఒక ఎకరం గెడ్డ పోరంబోకు (ప్రభుత్వ ఉమ్మడి భూమి) ఉంటే మొత్తం నంబరును 22-ఏలో పెట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి, అప్పుడు మీరు అడగాల్సింది మొత్తం తీసేయమని కాదు, సర్వే చేసి మీ భాగం విడగొట్టమని. అర్జీలో అడిగేది ఆ ఒక్క ముక్కే. ఫైలు వీఆర్వో, సర్వేయర్, తహసీల్దారు, ఆర్డీవో, జేసీ మీదుగా కలెక్టర్ దగ్గరికి పైకి పోతుంది, ఎక్కడ ఆగినా ఏ కాగితం కోసం ఆగిందో రాతపూర్వకంగా అడగండి.

కాలనీ గెడ్డకు వేరే అర్జీ. దానికి కలెక్టరేట్ దాకా అవసరం లేకపోవచ్చు, ముందు జీవీఎంసీ జోనల్ కమిషనర్‌కు, గెడ్డ రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకుగా ఉంటే కాపీ తహసీల్దారుకు. పూడుస్తున్న ఫొటో తేదీతో సహా పెట్టండి, మట్టి లారీ వచ్చే టైము రాయండి, పక్కింటి వాళ్ల సంతకాలు పెట్టించండి. వానాకాలానికి ముందు ఏప్రిల్, మే నెలల్లో పెడితే ఆ టైములో గెడ్డల పూడికతీత మీద ఎలాగూ సమీక్షలు నడుస్తాయి కాబట్టి మీ గెడ్డ పేరు ఆ లిస్టులోకి ఎక్కే అవకాశం ఎక్కువ. సెప్టెంబరులో నీళ్లు ఇంట్లోకొచ్చాక అరిస్తే పడవ పంపిస్తారు, ఆక్రమణ అలాగే ఉంటుంది.

ముందు ఎస్‌ఎఫ్‌ఏ తీయించండి. సర్వే నంబరు ఇక్కడ బయటపెట్టొద్దు, బ్రోకర్లు కూడా చదువుతుంటారు. క్లాజు ఏదో, ఎస్‌ఎఫ్‌ఏలో వర్గీకరణ ఏముందో మాత్రం చెప్పండి, అర్జీ ఎలా రాయాలో ఇదే చోట చెప్తాను.